గొలుసు లేని సైకిల్, గొలుసాయన

ఒక పెద్ద సైకిళ్ల కంపెనీని, కార్ఖానా పొగగొట్టంతో సహా, ఒకే ఒక్క మనిషి నిలువునా ముంచేశాడు. కత్తి పట్టలేదు, కోర్టుకెక్కలేదు. పొగిడి ముంచాడు. ఆ మనిషి ఇప్పటికీ ఆసుపత్రికి వెళ్లే ఎత్తు రోడ్డు మొదట్లో, ఇస్త్రీ షాపును ఆనుకుని ఉన్న రేకుల షెడ్డులో సైకిళ్లు బాగుచేస్తూ కూర్చుని ఉంటాడు. చూస్తే చీమకు కూడా పక్కకు జరిగి దారిచ్చే మనిషిలా కనిపిస్తాడు. మోసపోకండి. ఆయన నోటి వెంట ‘ఆహా’ అనిపించుకున్న వస్తువు బజారులో బతికి బట్టకట్టిన దాఖలా లేదు.

ఊరంతా ఆయన్ని గొలుసాయన అంటారు. బట్టతలవాణ్ని ‘జుట్టు’ అని పిలిచే ఊరు మరి. సైకిల్‌కు గొలుసు కనిపిస్తే చాలు, ఆయనకు ఒళ్లంతా కారం రాసుకున్నట్టు ఉంటుంది. రోజంతా బాగుచేసేది మాత్రం ఆ గొలుసు సైకిళ్లనే. అదో ఖర్మ.

పడుచుతనంలో ఆయన సైకిళ్ల షోరూంలో సేల్స్‌మన్. చదువు ఆయన్ని వదిలేసిందో, ఆయనే చదువును వదిలేశాడో ఇప్పటికీ తేలలేదు గానీ, విడిపోయాక ఇద్దరూ సుఖపడ్డారు. ఆ రోజుల్లోనే కంపెనీ ఒక కొత్తరకం సైకిల్ పంపింది. దానికి గొలుసు లేదు. పెడల్ దగ్గర ఒక పళ్లచక్రం, వెనక చక్రం దగ్గర ఇంకొకటి, రెండింటినీ కలుపుతూ గొట్టంలో తిరిగే ఇనుపకడ్డీ. తిరుగుడంతా మూతలున్న డబ్బాల్లోనే. జారడం, సాగడం, తెగడం, బట్టలకు నల్లమరక అంటడం, ఏదీ లేదు.

గొలుసాయన మనసు పారేసుకున్నాడు. తెల్లప్యాంటు తొడుక్కుని షోరూం ముందు గిరగిరా తిరిగేవాడు. తిరిగొచ్చి, కాలెత్తి కుర్చీ మీద పెట్టి, ప్యాంటు అంచు జనానికి చూపించేవాడు. “చూడండి సార్, మల్లెపువ్వు! వాసన కూడా చూసుకోండి కావాలంటే!” వాసన చూడటానికి ఎవరూ ముందుకు రాలేదు.

ఆ సైకిల్ చప్పుడు చేయదన్న సంగతి మీద ఊళ్లో పుట్టిన కథలకు అంతు లేదు. వీధికుక్క దాని వెంటపడి, కొంతదూరం పరిగెత్తి, తను దేన్ని తరుముతున్నదో తనకే అర్థంకాక సిగ్గుపడి వెనక్కి తిరిగేదట. ఆయన మీద చాడీలు చెప్పుకునేవాళ్లు ఎందుకో అనుమానమొచ్చి వెనక్కి చూస్తే, ఆయనే సైకిల్ మీద ఒక కాలు నేలకు ఆన్చి, తలూపుతూ వింటూ ఉండేవాడట. ఆ దెబ్బతో ఊళ్లో చాడీలే తగ్గిపోయాయని చెబుతారు. ఆ సైకిల్ ఇంకో నాలుగు అమ్ముడై ఉంటే ఊరు పూర్తిగా బాగుపడిపోయేదేమో.

ఇంత గొప్ప వస్తువు అమ్ముడుపోవద్దూ? పోలేదు. ఎందుకంటారు? ఆయన పొగడ్త అలాంటిది. “ఇది కొన్నాక మళ్లీ మా షాపు గుమ్మం ఎక్కే పనే ఉండదు సార్” అని వచ్చిన ప్రతివాడికీ గుండె మీద చెయ్యేసుకుని చెప్పేవాడు. పక్కనే నిలబడి వింటున్న యజమాని ముఖంలో నెత్తురుచుక్క ఉండేది కాదు. కొన్నవాడు మళ్లీ రాకపోతే షాపు ఎవరికోసం తెరిచిపెట్టాలి? ఇక మెకానిక్కుల సంగతి చెప్పనే అక్కర్లేదు. జారిన గొలుసు ఎక్కించుకుంటూ, సాగిన గొలుసులో లింకు తీసుకుంటూ బతుకుతున్నవాళ్లు. ఎవరైనా పోయి “ఆ కొత్త సైకిల్ ఎలాంటిదన్నా?” అని అడిగితే, మంచం పట్టిన చుట్టం గురించి అడిగినట్టు తల పక్కకు తిప్పి ఒక నిట్టూర్పు విడిచేవాళ్లు. సగం బేరాలు ఆ నిట్టూర్పుకే ఎగిరిపోయాయి.

అందరిలోకీ పెద్ద నిట్టూర్పు రోడ్డుకు అటుపక్క షాపు మెకానిక్‌ది. అతనూ గొలుసాయనా ‘బావా’ అంటే ‘బావా’ అనుకుంటారు. చుట్టరికం ఏమీ లేదు. తిట్టుకోవడానికి ఒక హక్కంటూ ఉండాలి కదా అని కలుపుకున్న వరస.

మొత్తం మీద గొలుసు లేని సైకిళ్లు రెండు అమ్ముడుపోయాయి. ఒకటి ఫోటో స్టూడియో ఆయన కొన్నాడు, తొక్కడానికి కాదు, పెళ్లికొడుకుల్ని దాని పక్కన నిలబెట్టి ఫోటోలు తీయడానికి. రెండోది ఇస్త్రీ షాపు అమ్మాయి కొన్నది.

ఆ అమ్మాయికి కావలసింది అచ్చం అదే. ఆసుపత్రి దుప్పట్లు, లాడ్జి దిండు గలేబులు, డాక్టర్ల తెల్లకోట్లు ఉతికి, గంజిపెట్టి, ఇస్త్రీ చేసి, మూటలు కట్టి సైకిల్ మీద వేసుకుని వెళ్లి ఇచ్చి రావాలి. ఒక్క గొలుసు మరక పడితే మొత్తం మళ్లీ ఉతుకుడే. ఆమె షోరూంకు వచ్చి, జేబురుమాలు తీసి, సైకిల్‌ను హ్యాండిల్ నుంచి వెనక చక్రం దాకా తుడిచి, రుమాలును వెలుతురుకు పట్టి చూసింది. తెల్లగానే ఉంది. “కట్టండి” అన్నది, చీరలు బేరం చేసినట్టు. గొలుసాయన అప్పటికే రెండోసారి మనసు పారేసుకున్నాడు. ఈసారి సైకిల్ మీద కాదు.

ఇక్కడే చిక్కొచ్చి పడింది. సైకిల్ చెడిపోదు. చెడిపోకపోతే ఆ అమ్మాయి షోరూంకు రాదు. ‘మళ్లీ మా గుమ్మం ఎక్కే పనే ఉండదు’ అని తనే కదా మాటిచ్చాడు! దేవుడా, ఒక్క నట్టయినా వదులు చెయ్యి అని మొక్కుకున్న సేల్స్‌మన్ లోకంలో ఆయనొక్కడే అయ్యుంటాడు. ఉండబట్టలేక గాలిపంపు పట్టుకుని ఆయనే ఇస్త్రీ షాపుకు బయల్దేరేవాడు.

“టైర్లలో గాలి సరిపోయిందా మేడమ్?”

“నిన్ననే కదా చూశారు.”

“నిన్నటి గాలి వేరండి. ఇవాళ ఎండ ఎక్కువ.”

కొన్నాళ్లకు ఆమే సైకిల్ తోసుకుంటూ షోరూంకు వచ్చింది. “ఏదో చప్పుడొస్తోంది” అన్నది. ఆయన సైకిల్‌ను తలకిందులు చేసి, పెడల్ తిప్పి, చెవి ఆన్చి విన్నాడు. “ఏ చప్పుడూ లేదండీ.” “ఇవాళ లేదేమో. రేపు వస్తుందేమో. రేపు మళ్లీ తెస్తాను” అని ఆమె నేల చూపులు చూసింది. అలా రాని చప్పుడు రోజూ వచ్చీ వచ్చీ చివరికి పెళ్లిదాకా వచ్చింది.

ఈలోగా కంపెనీ మూతపడింది. షోరూం సెల్‌ఫోన్ల దుకాణం అయింది. గొలుసాయన ఇస్త్రీ షాపు పక్కనే రేకుల షెడ్డు వేసుకున్నాడు. ఒకవైపు గ్రీజు, ఒకవైపు గంజి. మధ్యలో ఒక గుమ్మం, గుమ్మం దగ్గర గోనెసంచి. దాని మీద కాళ్లూ చేతులూ తుడుచుకోకుండా ఇటునుంచి అటు అడుగు వేయడానికి వీల్లేదు. ఆ ఇంట్లో ఉన్న ఒకే ఒక్క చట్టం అదే. ఆయన ఇప్పటికీ ఆమెను మేడమ్ అనే పిలుస్తాడు. “నా ఒక్కగానొక్క కస్టమర్‌ను పేరు పెట్టి పిలుస్తానా?” అంటాడు.

సైకిల్ మాత్రం వాళ్లతో పాటే ఉంది. ప్రతి వారం సెలవు రోజున మధ్యాహ్నం డబ్బా మూత తిప్పి, దాని నిండా గ్రీజు కూరేవాడు. మళ్లీ వారం చూస్తే ఖాళీ. “ఎలా తింటుందో చూడు బావా! ఆరోగ్యంగా ఉన్న ప్రాణి లక్షణం!” అని అటుపక్కకు వినపడేలా కేక వేసేవాడు. వెనక టైరు మార్చాల్సి వచ్చిన రోజున మాత్రం షెడ్డు తడిక మూసేసుకునేవాడు. లోపల ఏం చేస్తాడో ఎవరూ చూడలేదు. ఆ తడిక వెనక ఆయన సైకిల్‌తో మాట్లాడతాడని కొందరు, దానికి తలంటు పోస్తాడని ఇంకొందరు చెప్పుకునేవాళ్లు.

అలా జుట్టు నెరిసింది. కూతురు పెద్దదై, ఉద్యోగంలో చేరి, బ్యాటరీ స్కూటర్ కొనుక్కుంది. “నువ్వూ ఒకటి తీసుకో అమ్మా, ఎత్తు మీదికి దానంతటదే పోతుంది” అన్నది. “నా సైకిల్‌కు ఏమొచ్చిందే?” అని ఆమె కొట్టిపారేసింది. లోపల కూర్చుని ట్యూబుకు అతుకు వేస్తున్న గొలుసాయనకు ఆ పూట అన్నం రెండు ముద్దలు ఎక్కువ లోపలికి పోయింది.

సరిగ్గా అప్పుడే, ఒకరోజు పొద్దున్నే, ఆమె ఎత్తు రోడ్డు మీంచి సైకిల్ తోసుకుంటూ వెనక్కి వచ్చింది. దుప్పట్ల మూటలు మూటల్లానే ఉన్నాయి.

“ఏదో చప్పుడొస్తోందయ్యా.”

గొలుసాయన పానా పక్కన పడేసి పకపకా నవ్వాడు. “ఈ వయసులో ఇంకానా మేడమ్? రేపు రండి, రేపు!”

ఆమె నవ్వలేదు. పెడల్ ఎత్తి చేత్తో తిప్పింది. లోపల ఏదో కటకటలాడింది, రాయి నమిలినట్టు. ఆయన నవ్వు అక్కడికక్కడే ఎండిపోయింది.

వెనక డబ్బా విప్పాడు. పళ్లచక్రానికి ఒక పన్ను లేదు. పక్కన రెండు పళ్లు అరిగి బియ్యపుగింజలంత అయ్యాయి. అన్నిటికన్నా ఘోరం, లోపల కడిగిన గిన్నెలా ఉంది. చుక్క గ్రీజు లేదు. వారం వారం సైకిల్ తింటోందని తను మురిసిపోయిన గ్రీజంతా ఏమైనట్టు? ఆయన చక్రాన్ని అరచేతిలో పెట్టుకుని వెలుతురుకు తిప్పి చూశాడు. ఇనుమే నాసిరకమా? ఇన్నేళ్లూ తను లోకంలోకెల్లా గొప్పదన్నది ఉత్త రేకు ముక్కనేనా?

ఆ చక్రం ఇప్పుడెక్కడా దొరకదు. కంపెనీయే లేదు.

అవతల బావ వాసన పట్టేశాడు. మంచి గొలుసు సైకిల్ ఒకటి తుడిచి, తళతళలాడించి, రోడ్డు దాటించి తెచ్చి నిలబెట్టాడు. “దుప్పట్ల కోసం ఆసుపత్రివాళ్లు చూస్తుంటారు చెల్లెమ్మా. తీసుకెళ్లు. ఇది మాట్లాడుతుందిలే, తోడుగా ఉంటుంది. నీ మొగుడి దానిలా మూగనోము పట్టింది కాదు.”

“బావా, నా గుమ్మం ముందు దాన్ని పెట్టకు!”

“గుమ్మం నాది” అన్నది ఆమె. ఆ మాట నిజం. మూటలు దాని మీదికి మార్చుకుని వెళ్లిపోయింది. వెళ్తుంటే గొలుసు కిర్రుకిర్రుమంటోంది. ఆయనకు పన్ను పీకుతున్నట్టే ఉంది.

మధ్యాహ్నానికి తిరిగొచ్చి ఒక దుప్పటి ఆయన ముందు పరిచింది. అంచున వేలి పొడవున నల్లటి గీత.

“చూడవయ్యా, నేను ఎత్తు రోడ్డున మూటలు తోసుకుంటూ పోలేను. రేపు ఒక్కరోజు చూస్తాను. నీ సైకిల్ తిరిగిందా సరే. లేదా ఇదే కొనేస్తాను. గొలుసుకు కవరు వేయించుకుంటాను.”

ఆమె కోపంగా అనలేదు. ఇస్త్రీపెట్టె వేడి చూసుకుంటూ మామూలుగా అన్నది. అందుకే ఆయనకు మరీ గుచ్చుకుంది. ఊరంతా కాదన్నా ఆయన తట్టుకున్నాడు. కంపెనీ మునిగినా తట్టుకున్నాడు. కానీ ఒకే ఒక్క కస్టమర్, అదీ సొంత పెళ్లాం, కళ్లముందు గొలుసు సైకిల్‌కు మారిపోతే ఇక మిగిలేదేముంది?

అప్పుడు గుర్తొచ్చింది రెండోది. ఫోటో స్టూడియో మూసేశాక ఆ సైకిల్‌ను పాతసామాన్లవాడు కొన్నాడు. వాడి దగ్గర్నుంచి లాడ్జి పక్కన కాఫీ షాపు పెట్టిన అమ్మాయి కొని, రంగు వేయించి, గోడకు తగిలించి, క్యారియర్ మీద పూలకుండీలు పెట్టింది. గొలుసాయన ఆ షాపు ముందునుంచి వెళ్లినప్పుడల్లా తల తిప్పుకునేవాడు, తెలిసినవాణ్ని ఉరితీసి ఉంచినట్టు.

మర్నాడు పొద్దున్నే సంచిలో పానాలు వేసుకుని బయల్దేరాడు. లాడ్జికి గలేబులు ఇవ్వాలని ఆమె కూడా వచ్చింది. వినోదం చూడాలని బావ కూడా వచ్చాడు.

“అమ్మాయ్, ఆ సైకిల్ లోపల ఒక చక్రం ఉంది. అది నాకు కావాలి” అన్నాడు గొలుసాయన. అడగడం చేతకాని మనిషి, ఆజ్ఞ వేసినట్టే వచ్చింది మాట.

కాఫీ అమ్మాయి కంగారుపడింది. “చక్రం తీసేస్తే గోడ మీద ఏం బాగుంటుంది తాతా?”

“పెద్ద చక్రం కాదమ్మా. డబ్బాలో, లోపల.”

“లోపలిదా? తీసుకోండి. లోపల ఏముందో చూసేదెవరు? బయటికి కనిపించేది కనిపిస్తే చాలు నాకు.”

ఆయనకు సంతోషమూ వేసింది, కొంచెం ఉక్రోషమూ వచ్చింది. ఆ లోపలిదాని కోసమే కదా తను తెల్లప్యాంట్లు వేసుకున్నది! కుండీలు దించి, సైకిల్‌ను నేల మీద పడుకోబెట్టాడు. డబ్బా మూత బిగుసుకుపోయి ఉంది. బావ పట్టుకుంటే ఆయన తిప్పాడు. మూత ఊడింది. లోపల కంపెనీ పెట్టిన గ్రీజు, వెన్నముద్దలా, పెట్టింది పెట్టినట్టు ఉంది. వేలితో పక్కకు తీస్తే చక్రం కొత్త పెళ్లికూతురిలా మెరిసింది. ఒక్క పన్ను అరగలేదు.

“తొక్కనిది ఎలా అరుగుతుందిలే బావా” అన్నాడు బావ.

“అది కాదు. ఒకే కంపెనీ, ఒకే ఇనుము. మనదాంట్లో గ్రీజు ఏమైనట్టు? వారం వారం నా చేతులతో నింపాను కదా! ఎక్కడికి పోయింది?” గొలుసాయన పానా నేలకేసి కొట్టాడు. “తయారుచేసినవాళ్లే నన్ను మోసం చేశారు బావా. డబ్బాకు ఎక్కడో చిల్లి పెట్టి పంపారు.”

వెనక గలేబులు ఎంచుతున్న ఆమె చేయి ఆగింది.

“చిల్లి ఏమీ లేదు” అన్నది. “నేనే తీసేదాన్ని.”

ముగ్గురూ తల తిప్పారు.

“ఏం తీసేవారు మేడమ్?” అన్నాడు గొలుసాయన.

“గ్రీజు. నువ్వు నింపిన మర్నాడు, మూటలు కట్టకముందు. జడపిన్నుకు గుడ్డ చుట్టి, మూత తీసి, శుభ్రంగా తుడిచేసేదాన్ని. పెళ్లయిన కొత్తలో ఒకసారి ఎండకు కరిగి పెద్ద డాక్టరు కోటు మీద చుక్క పడింది. నీతో చెబితే బాధపడతావని చెప్పలేదు. మరకలు పడని సైకిల్ అని ఎంత మురిసిపోయేవాడివి!”

బావ నేల మీద చతికిలబడి, డొక్కలు పట్టుకుని నవ్వాడు. ఈయన కూరడం, ఆవిడ తోడెయ్యడం! ఆ సైకిల్ తిన్నదీ లేదు, అరిగించుకున్నదీ లేదు. ఏళ్లతరబడి మొగుడూ పెళ్లాల మధ్య కడుపు ఎండబెట్టుకుని మూటలు మోసింది. ఇంకో సైకిల్ అయితే మొదటి వానాకాలంలోనే చేతులెత్తేసేది.

ఇప్పుడు గొలుసాయన ఏం చేయాలి? కోప్పడాలి. న్యాయంగా కోప్పడాలి. కానీ ఆయన ముఖం చూస్తే, పరీక్ష తప్పాడనుకున్న పిల్లవాడికి నీ నంబరు పేపర్లో ఉందని చెప్పినట్టు విప్పారింది.

“అంటే... ఇనుము మంచిదేనన్నమాట!”

“ఇనుము సంగతి నాకేం తెలుసు? నాకు తెలిసింది మరక.”

“మంచిదే మేడమ్! గ్రీజు లేకుండా ఇన్నాళ్లు తిరిగింది! విన్నావా బావా? గ్రీజు లేకుండా!”

“విన్నాను, వీధి చివరిదాకా వినపడింది.”

మంచి చక్రం తీసుకున్నాడు. తన పన్నూడిన చక్రాన్ని గోడ సైకిల్‌లో బిగించాడు. ఊరికే వదిలేయలేదు. దానికీ గ్రీజు పెట్టి, నట్లు సరిగా బిగించి, మూత తిప్పాడు. “తొక్కేదే లేనిదానికి అదంతా ఎందుకు తాతా?” అని కాఫీ అమ్మాయి అడిగితే, “మర్యాద” అన్నాడు.

ఇంటికొచ్చాక మొగుడూ పెళ్లాల మధ్య ఒప్పందం కుదిరింది. గ్రీజు ఉండాల్సిందే. మూత కింద పాత చెప్పు తోలుతో వాషర్ కోసి పెట్టాడు. డబ్బా చుట్టూ ఆమె పాత దుప్పటి ముక్కతో గలేబు కుట్టింది, నాడాతో సహా. వారానికొకసారి ఆయన గ్రీజు చూడాలి, ఆమె గలేబు మార్చి ఉతకాలి. లోకంలో గంజిపెట్టి ఇస్త్రీ చేసిన గలేబు తొడుక్కున్న సైకిల్ ఏదైనా ఉందంటే అదొక్కటే. సాయంత్రం మూటలు వేసుకుని ఆమె ఎత్తు రోడ్డు ఎక్కుతుంటే గొలుసాయన షెడ్డు బయట నిలబడి విన్నాడు. ఏమీ వినపడలేదు. చెవులారా విన్నాడు.

బావ తన సైకిల్‌ను తనే తోసుకుంటూ రోడ్డు దాటాడు. దారిలో దాని గొలుసు ఊడింది. అది మాత్రం ఎవరూ కల్పించింది కాదు.

ఇప్పుడు కాఫీ షాపులో కూర్చున్నప్పుడల్లా బావ గోడ మీది సైకిల్‌ను చూపించి వచ్చినవాళ్లకు కథ చెబుతాడు. చెప్పిన ప్రతిసారీ కంపెనీ పెద్దదవుతుంది, పొగగొట్టం ఇంకాస్త పైకి లేస్తుంది. “ఈయన పొగడటం మొదలుపెట్టాడంటే కంపెనీవాళ్లు వణికిపోయేవాళ్లు. చివరికి యజమానే స్వయంగా వచ్చి, బాబ్బాబు, మా సైకిల్‌ను కాస్త తిట్టవయ్యా, రెండు అమ్ముకుంటాం అని చేతులు పట్టుకున్నాడు. ఈయన వింటేనా! అంత పెద్ద కంపెనీని నిలువునా ముంచేశాడు!”

మొన్న అది విని కాఫీ అమ్మాయి నోరు తెరుచుకుని, “నిజమేనా తాతా?” అని అడిగింది. పక్క బల్ల దగ్గర లాడ్జి గలేబుల మూట విప్పుతున్న మేడమ్ కూడా ఏం చెబుతాడా అని చూసింది. గొలుసాయన కప్పు కింద పెట్టి, మూతి తుడుచుకుని అన్నాడు:

“కంపెనీని నేనేం ముంచలేదమ్మా. నేను అమ్మింది రెండే. వెనక టైరు మార్చాలంటే సగం రోజు పట్టేది, అందుకని ఎవరూ కొనలేదు.”